పొందూరుకి ఓడలొచ్చిన రోజు

మా చిన్నప్పుడు శ్రీకాకుళానికీ విజయనగరానికీ పెద్ద యుద్ధం జరిగింది... నెల్లిమర్లలో, మా పెదనాన్న డీటీపీ షాపులో, పెళ్లికార్డుల కట్టల మధ్య. శ్రీకాకుళం వైపు నేను. విజయనగరం వైపు మా పెదనాన్న కూతురు సుగుణక్క.

కంప్యూటర్‌లో ఆడే రాజ్యాల ఆట అది. ఇప్పటికీ ఆ ఆటంటే నాకు పిచ్చి. తుపాకులు పేల్చుకుంటూ పరుగెత్తే రకం కాదు. చదరంగంలా వంతులవారీగా సాగుతుంది. ఊరు కట్టాలి, పొలం వేయాలి, గోడ లేపాలి, సైన్యాన్ని గడి తర్వాత గడి జరపాలి. మన మనుషులు చూసినంత మేరే పటం కనిపిస్తుంది... మిగతాదంతా నలుపు. ఆ నలుపులోంచి ఏం వస్తుందోనని గుండె దడదడలాడుతూనే ఉంటుంది.

కంప్యూటర్ ఒక్కటే. అందుకని ఒకరు ఆడుతుంటే రెండోవాళ్లు బయట అరుగు మీద వీధివైపు తిరిగి కూర్చోవాలి. తొంగి చూస్తే తన వంతు పోయినట్టే. కట్టిన ఊళ్లకి మా ఊళ్ల పేర్లే పెట్టుకునేవాళ్లం. నాది పొందూరు కాబట్టి నా రాజధాని పొందూరు. అక్క రాజధాని నెల్లిమర్ల. రాజధాని పోతే ఆట పోయినట్టే... అదీ మా ఒప్పందం.

అక్కని నేను ఒక్కసారి కూడా గెలవలేదు. గెలవకపోగా, ఓడిన ప్రతిసారీ "బుర్రుండాలిరా" అనిపించుకునేవాణ్ణి.

ఆ వేసవి సెలవులంతా ఒకే ఆట నడిచింది. పెదనాన్న అన్నం తిని కునుకు తీసే వేళ మాది. ఎలా కలిసొచ్చిందో గానీ ఆసారి బొబ్బిలి, గజపతినగరం, విజయనగరం వరసగా నా చేతికొచ్చాయి. అక్కకి నెల్లిమర్ల ఒక్కటే మిగిలింది. నాకు అన్నం కూడా సయించడం లేదు.

సరిగ్గా అప్పుడే పెదనాన్న పిడుగులాంటి కబురు చెప్పాడు.

"రేపొద్దున్న కంప్యూటర్ బాగుసేసే అతనొస్తాడు. డబ్బాలో ఉన్నదంతా సెరిపీసి కొత్తగా ఎక్కిస్తాడట. మీ ఆటలు గీటలు ఏటీ ఉండవు. ఇయాలే ఆడీసుకోండి."

ఇయాలే అంటే... మధ్యాహ్నం మూడింటికి కరెంటు కోత. యూపీఎస్ ఎప్పుడో చచ్చిపోయింది. ఆ మూడు లోపు గెలిస్తే గెలిచినట్టు, లేకపోతే జన్మలో అక్కని ఓడించలేను అనిపించింది.

గబగబా ఆడాం. నా సైన్యం మొత్తాన్నీ నెల్లిమర్ల గోడ పక్కకి తెచ్చేశాను. ఇంకొక్క వంతు వస్తే చాలు.

అక్క వంతు. నేను అరుగు మీద కూర్చున్నాను. లోపల మౌస్ టిక్కుమంటోంది... ఆగుతోంది... మళ్లీ టిక్కుమంటోంది. ఎండకి కాదు, భయానికి చెమటలు పట్టాయి.

"అక్కా, బేగి కానీ! కరెంటు పోతాది!"

"ఉండరా... గాబరా పెట్టీకు."

మౌస్ ఇంకో నాలుగుసార్లు టిక్కుమంది.

"ఒరే, రా. నీ వంతు."

వెళ్లి చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. పొందూరు పక్కన నీళ్లలో అక్క ఓడలు! నిండా సైనికులు!

నా తెలివి ఎలా తెల్లారిందంటే... సొంత ఊరి పేరు పెట్టాక నా బుర్రలో అది నిజం పొందూరే అయిపోయింది. చీపురుపల్లి వైపు నుంచి వస్తారు, శ్రీకాకుళం వైపు నుంచి వస్తారు అని ఆ రెండు దారులకే కాపలా పెట్టుకున్నాను. మా పొందూరుకి సముద్రం ఎక్కడుంది? పటంలో మాత్రం ఊరు ఒడ్డునే ఉంది. లోపల ఒక్క విలుకాడు కూడా లేడు.

"పొందూరుకి ఓడలేటక్కా?"

"నీళ్లున్న సోటికి ఓడలు రావేట్రా? ఒడ్డున కట్టినోడివి సూసుకోవద్దా?"

మళ్లీ చూశాను. ఓడల్లో సైనికులు దిగలేదు. దిగి కొట్టడానికి ఆ వంతులో వాళ్లకి జరిగే గళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. కొట్టి ఉంటే ఆట అక్కడితో సరి.

"మరి కొట్టలేదేటి?"

"కొడితే అయిపోద్ది కదరా..." అంది అక్క. లేచి వెళ్లి అరుగు మీద వీధివైపు తిరిగి కూర్చుంది.

మౌస్ పట్టుకున్నాను. ఒక్క నొక్కు... నెల్లిమర్ల నాది. చిన్నపిల్లాడని జాలిపడిందేమోనని కోపం కూడా వచ్చింది. గడియారం చూస్తే మూడు కావస్తోంది. తెర మీద అక్క ఊరి చుట్టూ పొలాలు. సెలవులు మొదలైనప్పుడు అక్కడంతా అడవి. ఆ పొలాలన్నీ వంతుకొకటిగా వేసుకుంటూ వచ్చింది. అరుగు మీద అక్క వీపు కనబడుతోంది... ఒక్కసారి కూడా తిరగలేదు.

నొక్కలేకపోయాను.

"అక్కా... నీ వంతు."

వచ్చి తెర చూసింది. నెల్లిమర్ల చెక్కుచెదరలేదు. నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, "ఎర్రోడా" అంది. కళ్లల్లో నీళ్లున్నాయి, నేను చూశాను.

తను ఒక పొలం వేసి నన్ను పిలిచింది. నేను ఒక రోడ్డు వేసి తనని పిలిచాను. ఓడలు అక్కడే, నా సైన్యమూ అక్కడే. అలా వంతులు మార్చుకుంటూనే ఉన్నాం... ఫ్యాను ఆగిపోయి, తెర నల్లబడేదాకా.

ఆ ఆటలో తర్వాతొచ్చిన భాగాలన్నీ ఆడాను. గళ్లు ఆరు మూలలవయ్యాయి, బొమ్మలు కళ్లు చెదిరేలా ఉంటున్నాయి. అక్కని రమ్మంటే, "పిల్లల పరీక్షలు... నాకేటి ఖాళీ ఉన్నాదిరా" అంటుంది. అందుకని కంప్యూటర్‌తోనే ఆడుతున్నాను. బాగానే ఆడుతుంది. కానీ నా ఊరు ఖాళీగా కనబడితే చాలు, వెంటనే కొట్టేస్తుంది.

గెలిచే ఆటని మీకోసం ఆపిన మనిషి మీకూ ఎవరైనా ఉంటే, కింద వాళ్ల పేరు రాయండి... నేను మాత్రం ఇది అక్కకి పంపిస్తున్నాను. అక్కా, ఇంకా నీ వంతే.