ప్రసాదం తిండి కాదనుకున్నాను

సర్వాంతర్యామి శ్రీమన్నారాయణునికి వేల నమస్కారాలు. మాది బోధన్ పక్క పల్లె. మా ఏడేళ్ల పాపకు తుంటి కీలు బిగుసుకుపోయి కాలు మడవరాకపోతే, కీలు వదులు చేయడానికి నిజామాబాద్‌లో ఆపరేషన్ పెట్టారు. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ఇవ్వొద్దని నర్సు చెప్పింది. అంతలో మా భజన మండలి అక్కలు ఆసుపత్రికే సత్యనారాయణ వ్రతం ప్రసాదం తెచ్చారు. ప్రసాదం వద్దంటే స్వామిని వద్దన్నట్టేనని చిన్నప్పటి నుంచి పురాణాల్లో విన్నదాన్ని. పాప నోట్లో ఇంత పెట్టాను.

థియేటర్ తలుపు దగ్గర మత్తు ఇచ్చే డాక్టరు పాపను అడిగాడు. "బిడ్డా, ఏమన్న తిన్నవా?"

"తినలే సార్. అమ్మ ప్రసాదం పెట్టింది. నెయ్యి మస్తుగుండె!"

"గది తిండి కాదు సార్, ప్రసాదం," అన్నాను.

"దేవునికి ఎరికనే అమ్మా, కడుపుకు ఎరికుంటదా? మత్తుల కక్కితే ఊపిరితిత్తులకు పోయి పాణం పోతుండె."

మండలి అక్కలందరి ముందు తల ఎత్తలేకపోయాను. ఆ రోజుకు ఆపరేషన్ ఆపేసి, మరునాడు చేశారు; క్షేమంగా జరిగింది. పాప నోట నిజం పలికించింది ఆ స్వామేనని నమ్ముతాను. అయినా ఆ పూట తలచుకుంటే దేవుని గదిలోనూ సిగ్గేస్తుంది. ఆపరేషన్‌కు పోయే ప్రతి బిడ్డనూ కాపాడమని, కన్నవాళ్లకు భక్తితో పాటు బుద్ధీ ఇమ్మని, మీరూ నాతో కలిసి ఒక్కసారి "నారాయణా" అనండి.