ఐర్లాండు ఇల్లుగలావిడ, మా పప్పూ పచ్చిపులుసూ

మొన్న షికాగో పక్కన మా షామ్‌బర్గ్ ఇంట్లో మనవరాలు బడిలో అప్పజెప్పాల్సిన పాఠమొకటి పట్టుకొచ్చి నా పక్కన చేరింది. ఒక్కొక్కరికి ఒక దేశం, ఒక సంవత్సరం ఇచ్చారట. దీని వంతుకి ఐర్లాండు, 1922 వచ్చాయి. జనవరిలో ఇంగ్లీషువాళ్ళు తమ పాలన నడిపిన కోట అప్పగించడం, జూన్ కల్లా నిన్నటిదాకా కలిసి పోరాడినవాళ్ళే ఇంగ్లీషువాళ్ళతో చేసుకున్న ఒప్పందం మంచిదని కొందరు, మోసమని కొందరు ఒకరి మీద ఒకరు తుపాకులెత్తడం, దాని మీద సంతకం పెట్టిన సేనాని ఆగస్టులో సొంత జిల్లాలోనే గుండు తగిలి పోవడం, అన్నీ చదివి, "అమ్మమ్మా, వాళ్ళు సేమ్ టీమ్ కదా, మరి ఎందుకు ఫైట్ చేసుకున్నారు?" అంది. ఆ సంవత్సరం సంగతి నేను ఒక వంటింట్లో విన్నాను.

మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, డెబ్బైల మొదట్లో షికాగోలో తెలుగు మాట చెవిన పడితే రోడ్డు దాటి మరీ పలకరించేవాళ్ళం. ఆసుపత్రిలో నర్సుగా చేరిన తెనాలి పిల్లని నేను, నాకన్నా ముందు అక్కడే చేరిన వరంగల్ అక్క, ఇద్దరం ఒక ఐరిష్ పెద్దావిడ ఇంట్లో మేడ మీద గది అద్దెకి తీసుకున్నాం. వంటిల్లు మాత్రం ముగ్గురికీ ఒకటే. నా ముద్దపప్పు, అక్క పచ్చిపులుసు కలుపుకు తింటే మాకదే పండగ.

అప్పుడే మనవైపు జై ఆంధ్ర గొడవలు. ఉద్యోగాలెవరివన్న దగ్గర మొదలైన మాట మీవాళ్ళు, మావాళ్ళు అనేదాకా పోయి, మాటలు బంద్, గిన్నెలు వేరు. ఉప్పు డబ్బా కావాలన్నా ఇల్లుగలావిడతోనే అడిగించుకునేవాళ్ళం.

ఆవిడ కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒక సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి టీ పోసింది. ఇరవై రెండులో తనకి ఏడేళ్ళట. నాన్న ఒప్పందం వైపు, బాబాయి ఎదుటి వైపు. యుద్ధం ఆగాక అన్నదమ్ములిద్దరూ ఒకే పొలం దున్నారు, ఒకే బల్ల మీద తిన్నారు, చచ్చేదాకా మాట్లాడుకోలేదు. ఆవు ఈనిందన్నా, వానొచ్చేలా ఉందన్నా ఈవిడ నోటితోనే. బాబాయి చివరి ఘడియల్లో నాన్న గుమ్మం దాకా వెళ్ళి, ఎలా పలకరించాలో తెలియక, దాహమేస్తోందేమో కనుక్కోమని కూతుర్నే పంపించాడట. ఆ మాటలు మోసే పని ఇక నా వల్ల కాదమ్మా అని ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయింది.

అక్క లేచి పులుసు గిన్నె తెచ్చి నా పప్పు పక్కన పెట్టి, "అన్నం వెట్టు చెల్లె, ఆకలైతుంది" అంది. నేను ఏడుస్తూనే వడ్డించాను.

రాష్ట్రం విడిపోయిన రోజు దూరంగా కాపెల్ ఊళ్ళో స్థిరపడ్డ అక్కే ఫోన్ చేసి, ఆ ఊసే ఎత్తకుండా ఏం కూర వండావని అడిగింది. ఇప్పుడు మనవాళ్ళకి ఎవరిల్లు వారిది, ఎవరి కారు వారిది. మాట తేడా వస్తే ఫోన్‌లో గ్రూపు వదిలేస్తే సరి, పొయ్యి దగ్గర ఎదురుపడే బాధ లేదు. అదీ సుఖమేనేమో, నాకు మాత్రం జాలేస్తుంది.

అక్క నిరుడు పోయింది. ఆమెకి చెప్పాల్సింది రోజూ ఏదో ఒకటి గుర్తొస్తుంది, ఎవరితో చెప్పి పంపను?