వీరేశ్ బేస్ మిక్స్, ఏడో భాగం

నాలుగు వేల హెర్ట్‌జ్ దగ్గర వీరేశ్ వేలు లేవలేదు. యాభై డెసిబెల్స్ ఇచ్చాను, లేవలేదు. అరవై ఇచ్చాను. అద్దం అవతల నుంచి నా వైపు చూసి, ఇంకా మొదలుపెట్టలేదా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. నాకు భయం మొదలైంది అప్పుడే.

ఆదోనిలో ఒక చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో నేను ఆడియోమెట్రీ టెక్నీషియన్‌గా చేరిన మూడో ఏడు అది. ఎండాకాలం మొదట్లో ఒక సోమవారం. రోగిని శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, ఏ కాస్త వినబడినా వేలెత్తమనడం నా పని. హెర్ట్‌జ్ శబ్దం ఎంత కీచుగా ఉందో చెబుతుంది, డెసిబెల్ ఎంత గట్టిగా ఉందో చెబుతుంది. బాగున్న చెవి ఇరవై ఐదు డెసిబెల్స్ లోపే పలుకుతుంది.

యంత్రం చెడిందనుకున్నాను. అలాంటప్పుడు హెడ్‌ఫోన్లు మేమే పెట్టుకుని చూడాలి. పెట్టుకున్నాను. అరవై డెసిబెల్స్ సూదిలా దిగింది. యంత్రం బాగానే ఉంది.

వీరేశ్‌ది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. మగ్గం తమ్ముడికి వదిలి, పెళ్ళి మెరవణులకు, అంటే ఊరేగింపులకు, డీజే బాక్సులు పెట్టేవాడు. ఏడాదికొక భాగం చొప్పున పాటలకు లోతుగా దద్దరిల్లే బేస్, ఎలక్ట్రానిక్ బీట్ కలిపి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి సంతలో అమ్మేవాడు. ఆటోల్లో, ట్రాక్టర్ల మీద, మగ్గాల ఇళ్ళలో, హాలహర్వి ఊరి దాకా అవే మోగేవి. ఈసారి ఏడో భాగం కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి ఇచ్చేస్తున్నారట. అయినా అతను దానికోసం రాలేదు, భార్య నాగవేణి లాక్కొచ్చింది.

"ఇంట్లో పిలిస్తే పలకడు మేడం. కుక్కరు కూసినా యినపడదంట. ఆ బాక్సుల కాడ మాత్రం యాడ సన్న తేడా వచ్చినా కనిపెడతాడంట" అంది ఆమె.

"నా సెవులకేం కాలేదు మేడం. బేస్ దుమ్ము లేస్తాంది, నాకు బాగానే యినపడతాంది. గిరాకోళ్ళ సెవులే సెడిపోయినాయి. కావాలంటే అందర్నీ లారీలో తోలుకొస్తా, వాళ్ళకు చెయ్యండి" అన్నాడు వీరేశ్.

కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలి ఇంటూ గుర్తులు వేస్తాం. గీత కిందికి దిగితే వినికిడి తగ్గినట్టు. అతని రెండు గీతలూ రెండు వేల హెర్ట్‌జ్ దాకా సమంగా నడిచి, అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి పడ్డాయి. ఫలితం చెప్పే అధికారం టెక్నీషియన్‌కు లేదు. డాక్టరు గారు చూసి, ముందురోజు అతను ఒక మెరవణిలో బాక్సుల పక్కనే ఉన్నాడు కాబట్టి ఆ ప్రభావం కావచ్చని, రెండు రోజులు చప్పుడుకు దూరంగా ఉండి మళ్ళీ రమ్మన్నారు.

ఈ చవక బేస్ మిక్సులంటే చదువుకున్నవాళ్ళకు చిన్నచూపు. నాకు లేదు. చిన్న స్పీకరు అసలైన లోతు శబ్దాన్ని పలికించలేదు, బలవంతపెడితే గరగరమంటుంది. పని తెలిసినవాడు ఆ లోతును తగ్గించి, దానికి కాస్త పైనున్న శబ్దాన్ని పెంచుతాడు. మిగతాది మన చెవే పూరించుకుంటుంది. తర్వాత నేను విన్న మొదటి భాగంలో వీరేశ్ చేసింది అదే, ఎవరూ నేర్పకుండా. నాకు నచ్చనిది ఒకటే. పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉండదు, అన్నీ ఒకే గట్టిదనం. చెవికి ఊపిరి తీసుకునే వీలుండదు.

రెండో పరీక్షలోనూ గీతలు మారలేదు. తన తప్పు లేదని చూపించడానికి వీరేశ్ పెన్‌డ్రైవ్‌లన్నీ తెచ్చుకున్నాడు. డాక్టరు గారు వినిపించమన్నారు. నేను వరుసగా కంప్యూటర్‌లో పెట్టాను. ఒకటో భాగంలో డోలు నిండుగా, కీచుగా మోగే తాళాలు వెనక సన్నగా ఉన్నాయి. మూడు, నాలుగు భాగాలకు వచ్చేసరికి తాళాలు ముందుకొచ్చాయి. ఏడోది పెట్టగానే రేకు మీద మేకుతో గీసినట్టయింది. నేను చెవులు మూసుకున్నాను. నాగవేణి "ఆపప్పా సామీ!" అని కేకేసింది.

వీరేశ్ తల ఊపుతూ నవ్వుతున్నాడు. "ఇది సూడండి మేడం, ఇప్పుడు సమంగా కుదిరింది. ఆ ఒకటోది సప్పగుంటాది."

ఏ సంవత్సరం అతనికి ఎంత వినబడిందో ఆ ఏడు భాగాల్లోనూ వరుసగా ఉంది. తనకు తగ్గినదాన్నల్లా పాటలో పెంచుకుంటూ వచ్చాడు.

డాక్టరు గారు నెమ్మదిగా వివరించారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు పోతే తిరిగి పుట్టవని, ముందు కీచు శబ్దాలే పోతాయి కాబట్టి బేస్ వినబడుతూనే ఉంటుందని, ఇలాగే సాగితే మాటలూ పోతాయని.

"బాక్సులు పాతబడినాయనుకున్నా సార్" అన్నాడు వీరేశ్. "రెండు సార్లు ట్వీటర్లు మార్చినా." ట్వీటరంటే కీచు శబ్దాలు పలికే చిన్న స్పీకరు. తర్వాత అడిగాడు, "అయితే నేనింక మిక్స్ చెయ్యకూడదా?"

చెవుల్లో బిరడాలు పెట్టుకుని, బాక్సులకు దూరంగా ఉండి చేసుకోవచ్చని, తాళాల విషయంలో మాత్రం తన చెవిని నమ్మవద్దని డాక్టరు గారు చెప్పారు.

"ఇంగ నుంచి నా సెవులు బాడుగకు తీసుకో. ఊరికే ఇయ్యను" అంది నాగవేణి, నవ్వించాలని, మెల్లగా.

వీరేశ్ నవ్వలేదు. ఆమె ఏమన్నదో చెప్పమని నా వైపు చూశాడు.

నేనా ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. చెవి పోతున్నప్పుడు నిశ్శబ్దం పెరిగినట్టు తెలియదని, పక్కవాళ్ళు గొణుగుతున్నారనో, స్పీకరు పెట్టె పాడయిందనో అనిపిస్తుందని ఆ కేసులో నేర్చుకున్నాను. మా పిల్లలు బడికి పోయే ఆటోలోనూ అలాంటి మిక్సులే మోగేవి. వీరేశ్ రెండో పరీక్ష జరిగిన మర్నాడు పొద్దున ఆటోడ్రైవరుకు చప్పుడు తగ్గించమని చెప్పి, పిల్లలిద్దరినీ నిలబెట్టి ఒక్క మాట చెప్పాను. పాట వినండి, ఎంతైనా వినండి. చప్పుడు సరిపోలేదనిపిస్తే మాత్రం వెంటనే పెంచకండి. ముందు పక్కవాళ్ళకు వినబడుతోందేమో అడగండి. వాళ్ళకు వినబడుతుంటే వచ్చి నాకు చెప్పండి.