ఒక్క చోటే వేసే రామ్మోహన్

మా రామ్మోహనన్నకు ఉన్నది ఒకటే జబ్బు. బంతి వేసినా, మాట వేసినా ఒక్క చోటే వేస్తాడు. అవతలివాడు పడేదాకా చోటు మార్చడు.

జనగామ పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. మా క్రికెట్ టీముకు కెప్టెన్. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచి బడులు మూతపడినప్పుడు మేమంతా రైల్వే గేటు పక్కన ఆట నేర్చుకున్నాం. మేం ఫాస్ట్ బౌలర్లమైపోదామని ఊరంతా దుమ్ము లేపుతుంటే, ఆయన మాత్రం నేల మీద ఒక తమలపాకు పరిచి పొద్దుగూకేదాకా దాని మీదే బంతి వేసేవాడు. ఆకు చినిగితే ఇంకో ఆకు. మా వీధి పాన్ డబ్బా ఆయన పుణ్యాన రెండు డబ్బాలయిందంటే నమ్మండి.

పెళ్లి కూడా అట్లాగే చేసుకున్నాడు. సులోచన వదినను ఇచ్చేది లేదని చిట్యాలలో వాళ్ల నాయిన తెగేసి చెప్పాడు. ఈయన ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి, వాళ్ల అరుగు మీద కూర్చుని, "మామా, మీ సులోచనను ఇయ్యిన్రి" అనేవాడు.

"ఇయ్య. పో."

"సరే మామా" అని చాయ తాగి వచ్చేవాడు. మళ్లీ ఆదివారం అదే బస్సు, అదే అరుగు, అదే మాట. చివరికి ఆ పెద్దమనిషే చేతులు జోడించి, "తీస్కపోవయ్యా! నా ఆదివారాలు నాకు ఇడిసిపెట్టు" అన్నాడట.

ఎవరైనా కుర్రాడు వచ్చి, "అన్నా, పరాయి ఊళ్ల, సదును పిచ్ మీద వికెట్లు ఎట్ల తియ్యాలె?" అని అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది.

"ఒక్క చోట వెయ్యాలె."

"పడకపోతే?"

"గదే చోట ఇంకోటి వెయ్యాలె."

ఎనభై రెండులో మానుకోట టీముతో, అంటే మహబూబాబాద్ వాళ్లతో, వాళ్ల ఊళ్లోనే ఫైనల్ పడింది. కప్పు సంగతి దేవుడెరుగు, మా ప్రాణాలన్నీ యోసేపు మీదే ఉన్నాయి. కొడకండ్ల పిల్లవాడు. తల్లి సరోజమ్మతో కూలికి పోతూ, దొరికిన పూట మాకు ఫాస్ట్ బౌలింగ్ వేసేవాడు. హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ వాళ్లు తమ టీముకు బౌలర్‌ను వెతుకుతున్నారు. తీసుకుంటే ఆటతోపాటు పర్మినెంటు కొలువు. వాళ్ల మేనేజర్ పురుషోత్తంగారు ఆ మ్యాచ్ చూడటానికి వస్తున్నాడు. నచ్చితే కొలువు, నచ్చకపోతే మర్నాడే యోసేపు భీమండికి మగ్గాల పనికి బండెక్కాలి. గుడ్డల మూట కూడా కట్టుకున్నాడు.

తీరా పోయి పిచ్ చూస్తే మా పని అయిపోయిందనిపించింది. మానుకోట వాళ్లు దాన్ని వాకిలి అలికినట్టు పేడతో అలికించారు. ఒక పూత కాదు, పూత మీద పూత. ఎండకు ఎండి గచ్చులా మెరుస్తోంది. క్రీజు గీతలు ముగ్గుపిండితో వేశారు. ఎవరో ఆడబిడ్డ ఉత్సాహం ఆపుకోలేక గీత చివర చిన్న పువ్వు కూడా వేసింది.

"ఎట్లున్నది మా పిచ్?" అన్నాడు వాళ్ల కెప్టెన్ నిరంజన్, మీసం సవరించుకుంటూ.

"పీట ఏస్తె బువ్వ తినొచ్చు" అన్నాన్నేను.

మొదట మేం ఆడి నూట పన్నెండు కొట్టాం. తర్వాత వాళ్లు దిగారు. యోసేపు ఎంత ఊపిరి బిగబట్టి వేసినా బంతి బుద్ధిగా మోకాలి ఎత్తుకు లేచి నిరంజన్ బ్యాటు మీదికి పోయేది. ఫోరు. మళ్లీ ఫోరు. వాళ్ల స్కోరు అరవై దాటింది, ఒక్క వికెట్ లేదు. గొడుగు కింద పురుషోత్తంగారు ఆవులించాడు. యోసేపు మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

రెండో వైపు నుంచి రామ్మోహనన్న వేస్తున్నాడు. అదే చోట. పరుగూ ఇవ్వడు, వికెట్టూ తియ్యడు. జనం ఈలలు వేశారు. వికెట్ల వెనక నిలబడ్డ నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన దగ్గర మంచి లెగ్ బ్రేక్ ఉందని నాకు తెలుసు, దాన్ని పట్టబోయినప్పుడే నా చిటికెన వేలు వంకరపోయింది. ఓవర్ కాగానే ఉరికాను.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత! జర తిప్పవే! పోరని బతుకు ఆగమైతున్నది!"

"ఆగురా. ఇంక లేస్తలేదు."

"ఏంది లేసేది?"

తన వంతు ఓవర్ రాగానే పోయి మళ్లీ అదే చోట వేశాడు.

ఇంకో రెండు ఓవర్ల తర్వాత బంతి పడిన చోట టప్‌మని చప్పుడైంది. అరచేయంత పెచ్చు ఊడి పక్కకు ఎగిరింది. కింద ఎర్రమట్టి నోరు తెరుచుకుని కనబడింది. ఇంతసేపూ ఈ మనిషి బౌలింగ్ చెయ్యలేదు, గడ్డపార వేశాడు!

"అన్నా! ఇగ నీ లెగ్ బ్రేక్ ఏసినవంటె ఒక్కడు నిలవడడు!" అన్నాను ఎగురుతూ.

ఆయన ఆ ఓవర్ ముగించి, అవతలి ఓవర్ ఇంకొకడితో వేయించి, బంతిని తన ప్యాంటుకు తుడిచి యోసేపు చేతిలో పెట్టాడు. "నా దిక్కు నుంచి నువ్వెయ్యి. గా ఎర్రమట్టి మీదనే ఎయ్యి."

"మరి నువ్వన్నా?" అన్నాడు యోసేపు.

"నాకు కొలువున్నది గదరా."

అంత మాట అని, ఏమీ ఎరగనట్టు బౌండరీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

యోసేపు మొదటి బంతికే నిరంజన్ స్టంపు గాలిలో గిరగిరా తిరిగింది. ఇక ఒక బంతి గొంతు దాకా లేస్తే, ఇంకొకటి పాములా నేల మీద పాకింది. మానుకోట వాళ్లు వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. నాకు సంబరంతో కాళ్లు నేల మీద నిలవడం లేదు.

సరిగ్గా అప్పుడే పురుషోత్తంగారు గడియారం చూసుకుని, సంచీ చంకన పెట్టుకుని లేచాడు. రైలు వేళ అయిందట. రామ్మోహనన్న ఒక్క గంతున పోయి ఆ సంచీ పట్టుకున్నాడు.

"సార్, ఒక్క ఓవర్ చూసిపోన్రి."

"రైలు పోతుందండీ!"

"ఒక్క ఓవర్ చూసిపోన్రి."

ఇంతలో బంతి రామ్మోహనన్న కాళ్ల మధ్య నుంచి బౌండరీ దాటింది. ఫోరు! మానుకోటకు ఇంకా మూడు పరుగులే కావాలి, మాకు ఒక్క వికెట్ కావాలి. "అన్నా, బాలు!" అని నేను గొంతు చించుకున్నాను. ఆయన సంచీ వదిలితే కదా.

ఆఖరి బ్యాట్స్‌మన్ భిక్షపతి బ్యాటు ఎత్తాడు. యోసేపు ఉరికొచ్చి వేశాడు. బంతి ఎర్రమట్టి మీద పడి, లేవకుండా సర్రున జారి వికెట్లను కూల్చింది. నేను ఏడ్చేశాను. సిగ్గెందుకు, ఏడ్చేశాను.

మేమంతా ఉరికి రైలందుకున్నాం. పురుషోత్తంగారు కూడా. రామ్మోహనన్న ఆయన ఎదురుగానే కూర్చున్నాడు.

"సార్, మా యోసేపును తీసుకోన్రి."

"చూద్దాం లెండి."

వరంగల్ దాకా అదే మాట. ఆయన లేచి పక్క డబ్బాలోకి పోతే ఈయనా పోయాడు. ఏమవుతుందోనని వెనకే పోయిన నాతో పురుషోత్తంగారు మొరపెట్టుకున్నాడు. "మీరైనా చెప్పండి బాబూ! రెండు నెలల నుంచి ప్రతి శనివారం మా ఆఫీసుకు వచ్చి ఒకటే పాట. ఈ పీడ వదిలించుకుందామనే ఇంత దూరం వచ్చాను!"

నేను రామ్మోహనన్న దిక్కు తిరిగాను. శనివారాలు పంటి డాక్టరు దగ్గరికి పోతున్నానని మాకు చెప్పాడీ మహానుభావుడు.

కాజీపేటలో రైలు ఆగింది. "సార్, మా యోసేపును..."

"సోమవారం రమ్మనవయ్యా! కుర్రాడు బాగా వేశాడు, తీసుకుంటాను. నన్ను కాస్త కునుకు తియ్యనివ్వు!"

"ఎన్ని గంటలకు సార్?"

మా డబ్బాకు తిరిగొచ్చి ఈ సంగతి యోసేపుకు చెప్పాం. వాడు కళ్లు తుడుచుకుని, "అన్నా, ఇయ్యాల నీకు ఒక్క వికెట్ గూడ పడకపాయె" అన్నాడు.

"ఎవడన్నడు?" అన్నాడు రామ్మోహనన్న, చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటూ. "కాజీపేటల పడ్డడు గదరా ఒకడు!"