నిరుద్యోగులు కావలెను

రేపల్లెలో కృపారావు ఏం చేస్తుంటాడని ఎవరిని అడిగినా ఒకే జవాబు వచ్చేది. "ప్రిపేర్ అవుతున్నాడండి." దేనికి అని మాత్రం అడగకూడదు. మొదట్లో గ్రూప్ టూకి, ఆ తర్వాత గ్రూప్ వన్‌కి, మధ్యలో ఒకసారి అటవీశాఖకి. రేపల్లె వాడికి అడవి సంగతేం తెలుసని ఎవరైనా నవ్వితే, మనకి మడ అడవులున్నాయిగా అనేవాడు. పొద్దున్నే ప్యాసింజరెక్కి తెనాలి కోచింగ్ సెంటరుకి వెళ్ళడం, సాయంత్రం అదే బండికి తిరిగి రావడం. ఇలా పదహారేళ్ళు గడిచాయి. ఈలోగా నోటిఫికేషన్లు వచ్చాయి, కోర్టుకెక్కాయి, దిగాయి, మళ్ళీ ఎక్కాయి. ఉద్యోగాలు ఇవ్వలేకపోయినప్పుడల్లా ప్రభుత్వం వయోపరిమితి పెంచి మంచి మనసు చాటుకుంది. కృపారావుకి ముప్పైతొమ్మిది నిండాయి. ఇల్లు మాత్రం తల్లి పున్నమ్మ గారి టీచరు పెన్షను మీద నడుస్తోంది.

అలాంటి సమయంలో ప్రభుత్వానికి ఇంకో ఆలోచన వచ్చింది. నిరుద్యోగం పెరిగిపోయిందని అందరూ గోల పెడుతున్నారు కదా, అసలు నిరుద్యోగులు ఎంతమందో వార్డువారీగా తేల్చేద్దామనుకుంది. తేల్చడానికి మనుషులు కావాలి. ఆ విధంగా నిరుద్యోగుల పుణ్యమా అని కొందరికి నలభై రోజుల ఉద్యోగం దొరికింది. వాళ్ళలో కృపారావు ఒకడు. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని మొదటి రోజంతా దాన్ని తియ్యలేదు, పడుకునేటప్పుడు కూడా.

బాపట్ల నుంచి వచ్చిన సూపర్‌వైజరు వెంకటరాఘవయ్య గారు అతన్ని పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పారు. "చూడు బాబూ, నీ వార్డులో నూరుమంది తేలితే అక్కడే శిక్షణ కేంద్రం పెడతారు. కంప్యూటరు, ఏసీ రిపేరు, అన్నీ నేర్పుతారు. అందులో అసిస్టెంటు పోస్టు ఒకటుంది, మూడేళ్ళు. సర్వే చేసినవాణ్ణే వెయ్యమన్నారు. నూటికి ఒక్కటి తగ్గినా కేంద్రమూ లేదు, పోస్టూ లేదు. ప్రతివాళ్ళూ ఫారం మీద సంతకం పెట్టాలి. మర్చిపోకు."

"నూరేంటండి సార్, మా వార్డులో మూడొందలమంది ఉంటారండి," అన్నాడు కృపారావు. అప్పుడే కుర్చీలో కూర్చున్నంత సంబరపడ్డాడు.

మొదట పక్కింటి అచ్చమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె కొడుకు శాలేమురాజు రెండేళ్ళుగా వీధి అరుగు మీదే ఉంటున్నాడు. వర్షమొస్తే లోపలికి వెళ్తాడు.

"పిన్నీ, మన శాలేముకి ఉద్యోగం లేదుగా, ఇక్కడో సంతకం పెట్టించు."

అచ్చమ్మ ముఖం కందగడ్డలా అయిపోయింది. "లేదని నీకెవరు చెప్పార్రా? ప్రిపేర్ అవుతున్నాడు!"

"పిన్నీ, ఆ మాటకి అర్థం నాకు తెలీదా?"

"నీది వేరు, మావాడిది వేరు. సంబంధాలు చూస్తన్నాం. గవర్నమెంటు కాగితం మీద ఖాళీ అని ఎక్కితే పిల్లనెవరిస్తారు?"

రెండిళ్ళ అవతల సూర్యకుమారి గారి అబ్బాయి ఫణి లుంగీ కట్టుకుని ఫోనులో క్రికెట్ ఆడుతున్నాడు. వర్క్ ఫ్రం హోమ్ అన్నారావిడ. ఏ కంపెనీ అంటే, అది రహస్యం, బయటికి చెప్పకూడదట. మూడో ఇంట్లో వ్యాపారం పెట్టబోతున్నారు, నాలుగో ఇంట్లో దుబాయ్ వీసా రాబోతోంది. కృపారావు లెక్క ప్రకారం దేశంలో నిరుద్యోగులే లేరు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడూ నలభై రోజులు ఉద్యోగంలో ఉన్నాడు.

తలప్రాణం తోకకొచ్చి అతనొక ఎత్తు వేశాడు. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ సంగతి అడగడం మానేసి, పక్కింట్లో ఎవరు ఖాళీగా ఉన్నారని అడిగాడు. అంతే, ఒక్క రోజులో ఎనభై పేర్లు వచ్చాయి. పుట్టిన సంవత్సరాలతో సహా చెప్పారు. అచ్చమ్మయితే మంచినీళ్ళు కూడా ఇచ్చి మరీ చెప్పింది. "మీ ఇంట్లోనే ఒకడున్నాడుగా, పదహారేళ్ళనుంచి!" కానీ ఆ పేర్లవాళ్ళెవరూ సంతకం పెట్టరు. ముప్పై రోజులు కాళ్ళరిగేలా తిరిగితే ఇరవైయేడు సంతకాలు వచ్చాయి. అందరూ మగవాళ్ళే.

ముప్పైయొకటో రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ముద్ద దిగక దిక్కులు చూస్తున్నాడు. భార్య స్టెల్లా పప్పుచారు పోస్తూ అడిగింది.

"ఊరందర్నీ అడిగారు. మనింట్లో అడిగారా?"

"మనింట్లో ఎవరున్నారు? అమ్మ రిటైరయింది. కీర్తన ఐదో తరగతి. నేను డ్యూటీలో ఉన్నాను."

"నేనో?"

కృపారావు ఫారాల కట్ట తీసి చూశాడు. వాళ్ళింటి ఫారం అన్నిటికన్నా అడుగున ఉంది. స్టెల్లా పేరు పక్కన గృహిణి అని తనే రాసేశాడు, అడక్కుండా. ఆమె తెనాలిలో బీకాం ఫస్టు క్లాసులో ప్యాసయింది. పెళ్ళికి ముందు బ్యాంకు పరీక్ష ఒకటి దాదాపు దాటేసింది. మిగతా ఫారాలు తిరగేస్తే ప్రతి ఇంట్లోనూ అదే మాట, అదే చేతిరాత. అతనికి నిజంగా సిగ్గేసింది.

"నీకు ఉద్యోగం కావాలా?"

"పన్నెండేళ్ళనుంచి కావాలి. ఒకే ఇంట్లో ఇద్దరు ప్రిపేరయితే వంటెవరు చేస్తారని ఊరుకున్నాను."

మంచం మీంచి పున్నమ్మ గారు కేకేశారు. "ఆ ముద్ద మింగి ముందు సంతకం పెట్టించుకోరా, మళ్ళీ మనసు మార్చుకుంటుంది!"

ఇరవైయెనిమిదో సంతకం అలా పడింది. మర్నాటి నుంచి కృపారావు అవే ఇళ్ళకి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి అరుగు దగ్గర ఆగలేదు, వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. అచ్చమ్మ కూతురు నీరజ పాలిటెక్నిక్ చదివిన పిల్ల. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎక్కడ పెట్టాలన్నయ్యా?" అంది. సూర్యకుమారి గారి కోడలు కౌముది ఎమ్మెస్సీ లెక్కలు. అత్తగారు అడ్డుపడేలోపే సంతకం పెట్టి, కింద ఫోన్ నంబరు కూడా రాసింది. వాళ్ళు ప్రిపేర్ అవుతున్నారని ఊరికి చెప్పుకున్నవాళ్ళెవరూ లేరు, అందుకని దాచుకోవడానికీ ఏమీ లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక లూథరన్ చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు వరసే కట్టారు. గడువు ముగిసేసరికి మొత్తం నూటనాలుగు, అందులో డెబ్భైయేడుగురు ఆడవాళ్ళు.

పదిహేను రోజులకి వెంకటరాఘవయ్య గారు ఆఫీసుకి రమ్మన్నారు. కృపారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

"కేంద్రం మంజూరయిందయ్యా. కానీ చిన్న చిక్కొచ్చింది. నేర్చుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు కాబట్టి అసిస్టెంటుగా కూడా ఆడమనిషినే వెయ్యమన్నారు పైనుంచి. జాబితాలో డిగ్రీ ఉన్నవాళ్ళలో ముందు నమోదైనవాళ్ళకి ఇవ్వాలట. క్రమసంఖ్య ఇరవైయెనిమిది. డి. స్టెల్లా, బీకాం. తెలుసా ఈవిడ?"

"మా ఆవిడండి."

సూపర్‌వైజరు గారు కడుపుబ్బ నవ్వారు. "అయితే చిక్కేముంది! ఆవిడకి ఇష్టం లేదని ఒక కాగితం రాయించుకురా. పాత ఆర్డరు ప్రకారం నిన్నే వేసేస్తాను. ఇంట్లో సంతకమేగా!" అని స్టెల్లా పేరు మీదున్న ఆర్డరు చేతిలో పెట్టారు.

కృపారావు తిన్నగా ఇంటికి వెళ్ళలేదు. స్టేషను దగ్గర టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. తిరిగింది తను, తిట్లు తిన్నది తను, కుర్చీ మాత్రం ఆవిడకా? ఒక తెల్లకాగితం తీశాడు. పదహారేళ్ళ వ్యాసరచన ఆ రోజుకి అక్కరకొచ్చింది. ఒక్క కొట్టివేత లేకుండా ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ పూర్తి చేసి, సంతకం చోటు మాత్రం ఖాళీ వదిలాడు. ఆర్డరు ప్యాంటు జేబులో, అర్జీ చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు.

స్టెల్లా గేటు దగ్గరే ఎదురొచ్చింది. "వచ్చిందా?"

"వచ్చింది."

"నాకు తెలుసు! అత్తయ్యా, ఆయనకి ఉద్యోగం వచ్చింది!" అని ఆమె గంతేసినంత పని చేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనకోసం ఇంతగా సంతోషపడే మనిషిని చూసేసరికి కృపారావుకి తన మీద తనకే అసహ్యం పుట్టింది. ప్యాంటు జేబులోంచి ఆర్డరు తీసి ఇచ్చాడు.

"నాకు కాదు. నీకు."

స్టెల్లా మూడుసార్లు చదివి, మెట్టు మీద కూలబడింది. తర్వాత పెన్ను అడిగింది. అతను చొక్కా జేబులోంచి పెన్ను లాగితే దాంతోపాటు మడత కాగితం కూడా వచ్చి ఆమె ఒళ్ళో పడింది. లాక్కునేలోపే విప్పి, పైకి చదవడం మొదలుపెట్టింది.

"గృహ బాధ్యతల దృష్ట్యా, నా మనఃపూర్వక సమ్మతితో, సదరు ఉద్యోగం నాకు అక్కర్లేదని ఇందుమూలముగా..." చివరిదాకా చదివి తలెత్తింది. "ఎవరు రాశారిది?"

"సూపర్‌వైజరు గారు..."

"చేతిరాత మీదిలా ఉందే."

కృపారావు నేల చూపులు చూశాడు.

స్టెల్లా ముందు ఆర్డరు మీద సంతకం పెట్టింది. అర్జీని చింపలేదు. నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

"దీన్ని దాచుకుంటాను. బాగా రాశారు. సోమవారం నుంచి ఎనిమిదింటికల్లా నేను వెళ్ళిపోవాలి. కీర్తనకి జడ మీరే వెయ్యాలి."

కృపారావు పెన్ను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్ని పాయలు?" అని అడిగాడు.