డెమో క్లాసులో ఆమ్లెట్టు

మొన్న మోకాలు చూపించుకోవడానికి సోమాజిగూడ వెళ్లి, తిరిగొస్తూ అమీర్‌పేటలో మెట్రో దిగి మెట్ల కింద ఊపిరి తీసుకుంటుంటే, ఒకమ్మాయి ఈ రోజే ఫ్రీ డెమో అంకుల్ అంటూ నా చేతిలో కరపత్రం పెట్టి వెళ్లిపోయింది. ఇంత తెల్లజుట్టు చూసి కూడా నేనింకా కోర్సు నేర్చి ఉద్యోగం తెచ్చుకుంటానని నమ్మినందుకు నవ్వొచ్చింది గానీ, డెమో అన్న మాటకి కుర్రతనంలో నేను చెప్పిన మొదటి డెమో గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు తెలిసిందే, అమీర్‌పేటలో మొదటిరోజు పాఠం ఉచితం, నచ్చితే చేరతారు, నచ్చకపోతే పక్క మెట్లెక్కి ఇంకో ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుంటారు. అప్పట్లో గుంటూరు వైపు నుంచి వచ్చి పంజాగుట్ట వెనక ఒక గదిలో తలదాచుకుంటున్న నన్ను కొత్త పంతులుగా పెట్టుకున్న ఇన్‌స్టిట్యూట్ యజమాని, మగ్గాల ఊరినుంచి వచ్చిన పెద్దమనిషి, మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"చూడు తమ్మీ, గీ డెమోకు వచ్చినోళ్లు చేరితే బ్యాచ్ నీది, చేరకుంటే నువ్వు ఊరికి పోవుడే."

ఊళ్లో నాన్న అప్పటికే నన్ను కంప్యూటర్ లెక్చరర్ని చేసి నలుగురికీ చెప్పుకున్నాడు, తిరిగెళితే మాత్రం బావగారి ఎరువుల కొట్టే గతి.

ఆ రోజు ప్లైవుడ్ గోడల గది కిక్కిరిసింది. సి భాషలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ నా పాఠం. బ్రహ్మవిద్యేమీ కాదు, ఏ భాషలో మాట్లాడాలి, ఫైళ్లు ఎక్కడ పెట్టాలి అని ప్రోగ్రాము పనిలోకి దిగేముందు చూసుకునే చిన్న చిన్న వివరాలవి. సెట్‌ఎన్వ్ అంటే కొత్తది పెడుతుంది, అన్‌సెట్‌ఎన్వ్ అంటే ఉన్నది తీసేస్తుంది. 'ఊరు' పేరుతో ఒకటి పెట్టే ప్రోగ్రాము రాసి, ఠీవిగా నడిపి, అది ముగిశాక నీ ఊరేదని కంప్యూటర్‌ని అడిగితే ఖాళీ వరస వచ్చింది. మళ్లీ నడిపితే మళ్లీ ఖాళీ. పోనీ తీసేయడమైనా చూపిద్దామని, ఉన్నదాన్నొకటి తీసే ప్రోగ్రాము నడిపితే అది ఉన్నచోటే రాయిలా కూర్చుంది. మెషీన్‌కి జలుబు చేసిందని చెప్పి, అందర్నీ లేపి పక్క మెషీన్ దగ్గరికి తీసుకెళ్లాను, అక్కడా అదే భాగోతం. వెనక వరసలో ఇద్దరు సంచులు సర్దుకుంటున్నారు, తలుపు దగ్గర యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నాకు ఎరువుల వాసన రాసాగింది.

అంతలో పొద్దున బండి దగ్గర తిన్న బ్రెడ్ ఆమ్లెట్ తేన్పై పైకొచ్చింది. గుడ్డు గడప తొక్కని ఇల్లు మాది, నేనిక్కడ లాగిస్తున్నానని అమ్మకేం తెలుసు అనుకున్నానో లేదో, బుర్రలో దీపం వెలిగింది. మనం టైపు చేసే ఆజ్ఞలందుకుని ప్రోగ్రాముని పుట్టించే షెల్ తల్లి, ప్రోగ్రాము బిడ్డ. బయల్దేరేటప్పుడు తల్లి తన వివరాలన్నీ నకలు తీసి బిడ్డ చేతికిస్తుంది, బిడ్డ ఆ నకల్లో ఏం కలిపినా ఏం కొట్టేసినా తల్లి దగ్గరున్నది చెక్కుచెదరదు, బిడ్డ పని ముగియగానే ఆ నకలూ పోతుంది. నేను ప్రోగ్రాములో పెట్టి, అది చచ్చాక తల్లిని అడుగుతున్నానన్నమాట! ఇదంతా నా ఆమ్లెట్ సాక్షిగానే చెప్పేశాను. అందరూ హాస్టల్ పక్షులే, ఇంటి నియమాలు ఎవరెవరు ఏమేం అన్‌సెట్ చేసుకున్నారో ఒకరొకరే బయటపెట్టుకుంటూ పడీపడీ నవ్వారు. సంచులు సర్దినవాళ్లతో సహా అందరూ చేరారు.

"మస్తు చెప్పినవ్ తమ్మీ. రేపు ఆమ్లెట్ నాతోటి తిను" అన్నాడు యజమాని.

ఆ గదిలో మా ఊరమ్మాయి ఒకతె ఉంది, మా వీధిలోదే. సెలవులకెళ్లి, తాను నేర్చుకున్న మొదటి పాఠాన్ని ఉదాహరణతో సహా ఊళ్లో అప్పజెప్పింది. తర్వాత ఆ సంగతి తెలిసి నేను బిక్కుబిక్కుమంటూ ఇంటికెళ్లేసరికి, అమ్మ పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, కొత్త సత్తుగిన్నెలో, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుడ్లు ఉడకబెడుతోంది.

"ఆ బండి దగ్గర ఎందుకురా, ఇక్కడే తిను" అంది, అంతే. ఎంతసేపు ఉడికించాలో తెలియక రబ్బరు బంతుల్లా చేసింది, ఒక్కటీ వదలకుండా తిన్నాను.

బిడ్డ వల్ల తల్లి మారదని ఆ తర్వాత ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ అబద్ధమాడుతున్నట్టు నోరు తడబడేది. ఇప్పటి పిల్లలు తినే ప్రతి ముద్దా ఫొటో తీసి ఇంటికి పంపుతున్నారు, దాచుకునే పని లేదు. మా ఇంట్లోనూ ఏ రోజైనా గుడ్డు వండుతారు, ఎవరూ ముక్కు మూసుకోరు. మంచిదే. కాకపోతే, నాకోసం పుట్టినప్పటి నుంచీ పాటించిన పద్ధతి పక్కనపెట్టి, ఎండలో మూడిటుకల పొయ్యి ముందు కూర్చునే మనిషి మాత్రం ఇప్పుడు లేదు.