కొండను తిట్టే అంబ్రోస్ బాబాయ్

మా ట్రిస్టన్ దీవిలో గాలిని తిట్టనివాడు లేడు. నిప్పుకొండను తిట్టేవాడు మాత్రం మా అంబ్రోస్ బాబాయ్ ఒక్కడే. తెల్లారితే చాలు, వాకిట్లో నిలబడి, మబ్బు ముసుగేసుకున్న శిఖరంకేసి వేలు చూపిస్తాడు.

"ఒరేయ్ మసిమొహమా! లోపల నిప్పుంది గదా అని నీలుగుతున్నావా? మా బంగాళదుంప చేలమీద ఒక్క రాయి పడనీ, నీ పొగరు దించుతా!"

ఎదురిల్లు మాది. కొండ ఉలకదు, పలకదు. నిద్ర చెడేది నాకు. ఒళ్లు మండిపోయేది. ఒకసారి చర్చిలో ఫాదర్ "శత్రువులను క్షమించండి" అంటే, బాబాయ్ లేచి "మనుషుల వరకైతే సరే" అన్నాడు.

పోయిన నెల నేల అదిరింది. బాబాయ్ పక్కింటి జెమైమా పెద్దమ్మ గిన్నెలన్నీ పగిలాయి. ఒంటరి మనిషి. చిన్నప్పుడు ఆ కొండ పగిలి ఊరంతా పడవలెక్కి పారిపోయిన భయం ఆమెకింకా పోలేదు. మూట కట్టి గడప దగ్గర పెట్టుకుంది.

"ఇంకోసారి కదిలిందా, కేప్‌టౌన్ ఓడెక్కేస్తా. మళ్లీ రాను."

"అక్కడ నీకెవరున్నారు పెద్దమ్మా? పైగా అక్కడా కొండుంది."

"అది బుద్ధిగా పడుంటుంది."

సరిగ్గా ఓడ వచ్చిన రోజే బాబాయ్ గొంతు పోయింది. ముందురోజు వానలో తడుస్తూ పడవలు లాగాడు. తెల్లారింది, తిట్లు లేవు. హమ్మయ్య అని దుప్పటి ముసుగు పెట్టానో లేదో, బయట అడుగుల చప్పుడు. లేచి వాకిట్లోకొస్తే, పెద్దమ్మ మూట చంకన పెట్టుకుని రేవుకు పరిగెడుతోంది.

"ఏమైంది పెద్దమ్మా? నేల కదల్లేదుగా!"

"అంబ్రోసే నోరు మూసుకున్నాడంటే ఇక కొండ పేలినట్టేరా! వాడి తిట్లు వినబట్టే ఇన్నాళ్లూ ఇక్కడ ఉండగలిగాను."

మెడకు ఉన్నిగుడ్డ చుట్టుకుని బాబాయ్ బయటికొచ్చాడు. కోపంతో మొహం కందిపోయి ఉంది. నా చెవి మెలిపెట్టి లాగి అందులో గుసగుసలాడాడు. నేను అరిచాను.

"ఒరేయ్ మసిమొహమా!"

పెద్దమ్మ ఆగింది.

"ముసలమ్మ గిన్నెలు పగలగొట్టడమేనా నీ మగతనం? సిగ్గులేని సన్నాసీ!"

ఆ తర్వాత గుసగుసతో పనిలేకపోయింది. ఇన్నేళ్లుగా చెడిన నిద్ర తాలూకు కసంతా కొండమీద కక్కేశాను.

"చప్పగా ఉంది," అంది పెద్దమ్మ మూట దించుతూ. "నా టీ కెటిల్ సొట్టపోయింది, అదీ అడుగు!"

అడిగాను. ఓడ ఆమె లేకుండానే వెళ్లిపోయింది.

"కొండకు చెవుల్లేవు కదా బాబాయ్, ఇన్నేళ్లూ ఎందుకు గొంతు చించుకున్నావు?" అన్నాను.

బాబాయ్ మండిపడ్డాడు, పాపం, గుసగుసగానే.

"కొండకు లేవురా గాడిదా! మీ పెద్దమ్మ ఇంటి గోడకున్నాయి."